ఘానా సెలవులు, పండుగలు: గోడమీది క్యాలెండరు చెప్పేవి, చెప్పనివి

మే మొదటి వారంలో కుటుంబంతో అక్రాకు వస్తున్నామని, టెమా పారిశ్రామికవాడలో ఉద్యోగమని రాశారు. ఘానాలో ప్రభుత్వ సెలవులు ఎప్పుడెప్పుడు వస్తాయి, అక్కడివాళ్ల పండుగలు ఎలా ఉంటాయి, వాటిలో మనం ఎంతవరకు పాల్గొనవచ్చు అని అడిగారు. జూన్ మొదటి వారంలో బాబు మొదటి పుట్టినరోజును అక్రాలో ఇంటి ఆవరణలో మైకు, పాటలు పెట్టి చేయాలని ఉందనీ రాశారు. నేను 2008 నుంచి ఘానాలోనే ఉంటున్నాను. ముందుగా ఆ చివరి మాటకు జవాబు చెబుతాను: జూన్ మొదటి వారంలో మైకు పెట్టకండి. హాలు అద్దెకు తీసుకోకండి, బంధువులకు విమానం టికెట్లు కొనకండి. దానికి కారణం మీరు ఏ సెలవుల జాబితాలో వెతికినా దొరకదు. ఘానాలో సంవత్సరం ఎలా గడుస్తుందో తెలుసుకోవాలంటే మొదట అర్థం చేసుకోవలసిన విషయం కూడా అదే.

ఇక్కడ రెండు క్యాలెండర్లు పక్కపక్కనే నడుస్తాయి. ఒకటి పార్లమెంటు చట్టం చేసి ఇచ్చిన సెలవులది. ఆఫీసు గోడమీద వేలాడేది అదే. రెండోది ఊళ్లది, జాతులది, రాజపీఠాలది. అందులోని ఒక్క పండుగకూ దేశమంతటా సెలవు ఉండదు, అయినా ఏ ఘానా కుటుంబాన్ని అడిగినా తమ సంవత్సరంలో పెద్ద రోజుగా చెప్పేది చాలావరకు దానిలోనిదే. కొత్తగా వచ్చినవాళ్లు మొదటి క్యాలెండరు మాత్రమే చూసుకొని, రెండోదాన్ని తెలియక దాటిపోతారు. నేనూ మొదట్లో అలాగే చేశాను.

ప్రభుత్వ సెలవులను త్వరగా చెప్పేస్తాను. జనవరి 1 కొత్త సంవత్సరం, జనవరి 7 రాజ్యాంగ దినం, ఇప్పుడున్న నాలుగో గణతంత్రం 1993లో ఆ రోజునే మొదలైంది, మార్చి 6 స్వాతంత్ర్య దినం, గుడ్ ఫ్రైడే, ఈస్టర్ సోమవారం, మే 1 కార్మిక దినం, రంజాన్, బక్రీదు, జులై 1 గణతంత్ర దినం, సెప్టెంబరు 21 వ్యవస్థాపకుడి దినం, డిసెంబరు మొదటి శుక్రవారం రైతు దినం, డిసెంబరు 25, 26 క్రిస్మస్ సెలవులు. 2025లో చేసిన చట్ట సవరణతో రంజాన్ మరుసటి రోజుకు కూడా సెలవు వచ్చింది, కొన్నేళ్లుగా జాబితాలో లేని జులై 1 తిరిగి చేరింది. వారాంతంలో పడిన సెలవును సోమవారానికి జరపడం ఇక్కడ మామూలే. 2025 సెప్టెంబరు 21 ఆదివారం కావడంతో 22వ తేదీన సెలవు ఇచ్చారు. వారం మధ్యలో పడే కొన్ని సెలవులను కూడా శుక్రవారానికో సోమవారానికో జరిపే వెసులుబాటు ఇప్పుడు చట్టంలో ఉంది. కాబట్టి రేవులో సరుకు విడిపించే పనో, బ్యాంకు పనో ఉన్నప్పుడు అచ్చువేసిన క్యాలెండరును నమ్ముకోకుండా అంతర్గత వ్యవహారాల మంత్రిత్వ శాఖ ప్రకటన చూసుకోవడం అలవాటు చేసుకోండి.

ఈ జాబితాలో మార్చి 6ను మీరు దగ్గరుండి చూడాలి. 1957లో ఆ రోజున గోల్డ్ కోస్ట్ అనే వలస ఘానా అనే దేశమైంది. సహారాకు దక్షిణాన ఉన్న వలస దేశాల్లో బ్రిటిషువాళ్ల నుంచి ముందుగా విముక్తి పొందినవాటిలో అది ఒకటి. రెండు వారాల ముందు నుంచే కూడళ్లలో సిగ్నలు దగ్గర పిల్లలు, యువకులు ఎరుపు, బంగారు, ఆకుపచ్చ రంగుల జెండాలు అమ్ముతుంటారు. థియోడోసియా ఓకో అనే మహిళ రూపొందించిన జెండా అది, మధ్యలోని నల్లని నక్షత్రం ఆఫ్రికా స్వేచ్ఛకు గుర్తు. ప్రధాన వేడుక అక్రాలోని ఇండిపెండెన్స్ స్క్వేర్‌లో జరిగేది, 2019లో టమాలేకు వెళ్లింది, ఆ తర్వాత కుమాసి, కేప్ కోస్ట్, హో లాంటి నగరాలకూ తిరిగింది. పెద్ద వేడుక కన్నా ఏదైనా చిన్న పట్టణంలో బడిపిల్లల కవాతు చూడమని నేను చెబుతాను. ఇస్త్రీ చేసిన యూనిఫారాలు, తెల్లని సాక్సులు, చేతులు భుజాల ఎత్తు వరకు ఊపుతూ వేసే అడుగులు; రెండు వారాలపాటు బడి మైదానంలో దుమ్ము లేచేలా సాధన చేసి వచ్చిన పిల్లలు వాళ్లు. ఏ బడి కవాతు బాగుందో సాయంత్రం దాకా ఊళ్లో మాట్లాడుకుంటారు.

వ్యవస్థాపకుడి దినం గురించి మాత్రం కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఆఫీసులో ఈ చర్చ తప్పకుండా మీ చెవిన పడుతుంది. ఘానా తొలి అధ్యక్షుడు క్వామే ఎన్‌క్రుమా 1909 సెప్టెంబరు 21న పుట్టారు. 2009లో, శతజయంతి సందర్భంగా, ఆ రోజును 'వ్యవస్థాపకుడి దినం'గా సెలవు చేశారు. దేశాన్ని స్థాపించినది ఒక్కరా, అనేకులా అన్న వాదన అప్పటి నుంచీ ఉంది. ఇంగ్లీషులో రాసేటప్పుడు ఒక చిన్న కామా గుర్తు ఎక్కడ పెడతారన్నదానిమీద ఆధారపడి అది ఏకవచనమో బహువచనమో అవుతుంది, అందువల్ల పత్రికల్లో ఆ గుర్తు మీదనే ఏళ్ల తరబడి వ్యాసాలు వచ్చాయి. 2019లో మరో ప్రభుత్వం ఆగస్టు 4ను 'వ్యవస్థాపకుల దినం' చేసి, సెప్టెంబరు 21ని ఎన్‌క్రుమా స్మారక దినంగా ఉంచింది. 2025లో మళ్లీ సెప్టెంబరు 21 ఏకవచనంతో తిరిగి వచ్చింది, ఆగస్టు 4 సెలవు పోయింది.

ఆ ఆగస్టు 4 మరుగున పడిపోతుందేమోనని నాకు బాధగా ఉంటుంది. 1947లో సాల్ట్‌పాండ్ పట్టణంలో స్వాతంత్ర్య ఉద్యమ పార్టీ పుట్టినది ఆ తేదీనే. అంతకు 50 ఏళ్ల ముందు, 1897లో, ఆదివాసుల హక్కుల పరిరక్షణ సంఘం ఏర్పడినదీ ఆ తేదీనే అంటారు. గోల్డ్ కోస్ట్ భూములపై అధికారం బ్రిటిషు ప్రభుత్వానికి కట్టబెట్టే బిల్లు మీద ఆ సంఘం పోరాడి, బిల్లును వెనక్కి తీసుకొనేలా చేసింది. ఈ రోజుకీ ఘానాలో చాలా భూమి రాజపీఠాల చేతిలో, కుటుంబాల చేతిలో ఉండడానికి ఆ పోరాటం ఒక ముఖ్య కారణం. మీరు అద్దెకు తీసుకోబోయే ఇంటి స్థలం కూడా ఏదో ఒక పీఠానికో వంశానికో చెందినదై ఉండవచ్చు. ఊరి పెద్ద మాట ఎందుకు చెల్లుతుందో, ఊరి పండుగకు అంత బలం ఎక్కడి నుంచి వచ్చిందో ఇక్కడే తెలుస్తుంది.

డిసెంబరు మొదటి శుక్రవారం వచ్చే రైతు దినం నా మనసుకు దగ్గరైన సెలవు. 1983 ఘానాకు గడ్డుకాలం; వానలు లేవు, అడవులూ కోకో తోటలూ కార్చిచ్చుకు బూడిదయ్యాయి, అదే సంవత్సరం నైజీరియా నుంచి పది లక్షల మంది వరకు ఘానావాసులను వెళ్లగొట్టడంతో వాళ్లంతా ఉత్తచేతులతో ఇంటికి వచ్చారు. ఆ ఏటి ఆకలి గురించి 50 ఏళ్లు దాటిన ఎవరిని అడిగినా చెబుతారు. మరుసటి ఏడు వానలు కురిసి రైతులు దేశానికి మళ్లీ అన్నం పెట్టారు, దానికి కృతజ్ఞతగా 1985లో మొదటి రైతు దినం జరిపారు. ఆ ఏడు దేశంలో ఉత్తమ రైతుకు ఇచ్చిన బహుమానం రెండు కత్తులు, ఒక జత రబ్బరు బూట్లు, ఒక రేడియో. తర్వాతి ఏళ్లలో అది ట్రాక్టరు, పికప్ వాహనం, మూడు పడక గదుల ఇల్లు వరకు పెరిగింది. రైతు కోసం దేశమంతా పని ఆపే రోజు ఒకటి ఉండడం వ్యవసాయ కుటుంబం నుంచి వచ్చిన నాకు ఎంతో గొప్పగా అనిపిస్తుంది. ఎన్నికల ఏళ్లలో తేదీ మారవచ్చు. 2024లో డిసెంబరు 7న ఎన్నికలు ఉండడంతో నవంబరులోనే జరిపారు.

మతపరమైన సెలవుల విషయానికి వస్తే, 2021 జనగణన ప్రకారం జనాభాలో సుమారు 71 శాతం క్రైస్తవులు, 20 శాతం ముస్లింలు. ఇద్దరి పండుగలకూ ఇద్దరూ వస్తారు. జాతీయ ప్రధాన ఇమాం షేక్ ఉస్మాన్ నుహు షరుబుతు తన నూరేళ్ల వయసులో, 2019 ఈస్టర్ ఆదివారం నాడు, అక్రాలోని ఒక క్యాథలిక్ చర్చిలో ప్రార్థనకు వెళ్లి కూర్చున్నారు. రంజాను రోజున మీ ముస్లిం సహోద్యోగి ఇంటి నుంచి భోజనం వస్తే అందులో ప్రత్యేకమైన ఉద్దేశమేమీ వెతకకండి, ఆ వీధిలో అందరికీ వెళ్లేదే మీకూ వస్తుంది.

ఈస్టర్ సెలవుల్లో మాత్రం అక్రా నుంచి కుమాసి వెళ్లే రోడ్డు మీద ప్రయాణం పెట్టుకోకండి. క్వాహు కొండ ప్రాంతం వాళ్లు వ్యాపారంలో పేరుపడ్డవాళ్లు, అక్రా దుకాణాల్లో వాళ్లు లేని వీధి ఉండదు. ఏడాది పొడవునా తలుపు మూయని ఆ వ్యాపారులు ఈస్టర్‌కు మాత్రం సొంత ఊరికి చేరతారు. సంక్రాంతికి హైదరాబాదు ఖాళీ కావడం చూసినవాళ్లకు దీన్ని వేరే చెప్పనక్కరలేదు. చర్చి ఆరాధన, కుటుంబ సభ, ఊరి బడికో ఆసుపత్రికో చందా పోగుచేయడం, పెళ్లి మాటలు అన్నీ ఆ నాలుగు రోజుల్లోనే జరుగుతాయి. 2005 నుంచి అక్కడి ఒడ్వెయానోమా కొండ మీద పారాగ్లైడింగ్ ఉత్సవం కూడా పెట్టడంతో బయటివాళ్ల రద్దీ ఇంకా పెరిగింది.

ఇప్పుడు రెండో క్యాలెండరు సంగతి. మీ బాబు పుట్టినరోజుకు సంబంధించిన విషయం ఇందులోనే ఉంది.

అక్రా గా జాతివాళ్ల నేల. వాళ్ల పెద్ద పండుగ హొమొవొ, అంటే ఆకలిని గేలి చేయడం. పూర్వం ఒకప్పుడు ఘోరమైన కరువు వచ్చి, ఆ తర్వాత పంట విరగపండినప్పుడు ఆకలిని చూసి కేకలు వేసి తరిమారని, అదే పండుగైందని చెబుతారు. పండుగ ఆగస్టులో, కానీ దాని పని మే నెలలోనే మొదలవుతుంది. ఉలోమో అని పిలిచే పూజారులు పవిత్రమైన మడుల్లో చిరుధాన్యం విత్తనాలు చల్లుతారు. ఆ రోజు నుంచి సుమారు నెల రోజులపాటు, సాధారణంగా మే రెండో వారం ప్రాంతం నుంచి జూన్ రెండో వారం వరకు, అక్రాలో డప్పు మోగకూడదు, పెద్ద శబ్దం చేయకూడదు. విత్తనం మొలిచే వేళ నేల ప్రశాంతంగా ఉండాలన్నది దాని భావం. చర్చిలు కూడా తమ శబ్దాన్ని తమ గోడల లోపలే ఉంచుకోవాలని, వీధిలోకి స్పీకర్లు పెట్టకూడదని నగరపాలక సంస్థ ఏటా ప్రకటన ఇస్తుంది. గుర్తింపు బిళ్లలు ధరించిన బృందాలు తిరిగి చూస్తాయి. 1990ల చివరలో ఈ విషయం మీదే కొన్ని చర్చిలకూ గా యువకులకూ మధ్య కొట్లాటలు జరిగాయి, ఆ తర్వాతే ఇరుపక్షాలూ కూర్చొని ఈ పద్ధతికి ఒప్పుకున్నాయి.

నాకు ఇది తెలిసిన తీరు చెబుతాను. 2009 మే చివరలో మా ఇంట్లో సత్యనారాయణ వ్రతం పెట్టుకున్నాం. ఆవరణలో స్పీకరు, అన్నమయ్య కీర్తనలు, హారతి వేళ జేగంట. పక్కింటి పెద్దాయన, గా కుటుంబానికి చెందినవారు, గేటు దగ్గరకు వచ్చి టోపీ తీసి చేతిలో పట్టుకొని, హారతి అయ్యేవరకు ఒక్క మాట మాట్లాడకుండా నిలబడ్డారు. అయిన తర్వాత నన్ను పక్కకు పిలిచి, మీరు దేవుణ్ణి పిలుస్తున్నారని నాకు అర్థమైంది, మా దేవతలు ఇప్పుడు విత్తనం దగ్గర కూర్చున్నారు, కొంచెం మెల్లగా పిలవండి అన్నారు. అంత మర్యాదగా నన్ను ఎవరూ ఎప్పుడూ తప్పు దిద్దలేదు. స్పీకరు వెంటనే తీసేశాం. ఆ రోజు సాయంత్రం నేనూ మా ఆవిడా ప్రసాదం తీసుకొని వాళ్లింటికి వెళ్లాం. ఆ ఆగస్టులో వాళ్లింటి పండుగ గిన్నె మా గుమ్మానికి వచ్చింది.

ఆ గిన్నెలో ఉండేది పొక్‌పొయి. మొక్కజొన్నలు నానబెట్టి, విసిరి, ఆ పిండిని కొద్దిగా పులియనిచ్చి, ఆవిరి మీద ఉడికించి, తాటి జాతి చెట్టు పండ్ల నుంచి తీసిన ఎర్రని పామాయిలు కలుపుతారు. చేతిలోకి తీసుకుంటే మన ఉప్మారవ్వలా పొడిపొడిగా రాలుతుంది, వేళ్లకు నారింజ రంగు అంటుతుంది, చిన్న పులుపు వాసన వస్తుంది. దానితో పామ్ పండ్ల పులుసు, అందులో పొగబెట్టిన చేప ఉంటాయి. మేము శాకాహారులమని చెప్పి పులుసు లేకుండా తీసుకున్నాం, వాళ్లేమీ అనుకోలేదు. పండుగ రోజున వంశపెద్ద, ఊరిలో అయితే రాజు, ఈ పొక్‌పొయిని నేలమీద చల్లుకుంటూ వెళతారు. చనిపోయిన పూర్వీకులకు ముందుగా పెట్టే ముద్ద అది. ఆ తర్వాత ఇంట్లో అందరూ ఒకే గిన్నెలో చేతులు పెట్టి తింటారు. తాతగారి చేయి, మనవడి చేయి, ఏడాదంతా మాటలు లేని వదినామరదళ్ల చేతులు ఆ రోజు ఒకే గిన్నెలో ఉండాలి. ఊళ్ల నుంచి వచ్చే బంధువులు గురువారం నాడు మూటలతో అక్రా పాతబస్తీ చేరతారు కాబట్టి వాళ్లకు 'గురువారంవాళ్లు' అనే పేరే ఉంది. శుక్రవారం కవలల పండుగ, శనివారం అసలు పండుగ. మరుసటి ఉదయం ఇల్లిల్లూ తిరిగి 'న్గోవాలా' అని పలకరించుకుంటారు, ఆయుష్షు అందుకో అని దాని అర్థం. ఆ ఏడాది ఎవరినైనా పోగొట్టుకున్న ఇంట్లో ముందు ఏడుస్తారు, తర్వాత దీవించుకుంటారు. ఆ ఉదయం పాత అక్రాలో నడిస్తే ఏడుపూ పలకరింపూ ఒకే వీధిలో వినిపిస్తాయి.

గా పట్టణాలన్నీ ఒకే రోజున చేయవు, ఒక్కో ఊరికి ఒక్కో తేదీ ఉంటుంది, నిశ్శబ్ద దినాలు కూడా ఊరిని బట్టి మారతాయి. మీరు పనిచేయబోయే టెమాకు దానిదైన ప్లెజో పండుగ ఉంది. తీరం వెంబడి గా, ఫాంతీ జాలరులు మంగళవారం నాడు సముద్రంలోకి వెళ్లరు, ఆ రోజు సముద్రానిది. తాజా చేప కోసం మంగళవారం బజారుకు వెళ్లి ఉత్తచేతులతో తిరిగివచ్చే కొత్తవాళ్లను నేను చాలామందిని చూశాను.

అశాంతి రాజ్యపు రాజధాని కుమాసికి వెళ్లే వీలు దొరికితే 'అక్వాసిదే' అనే పండుగ చూసేలా తేదీ పెట్టుకోండి. అశాంతివాళ్లు కూడా చేరిన అకాన్ జాతులకు మామూలు ఏడు రోజుల వారంతో పాటు ఆరు రోజుల పాత వారం ఒకటి ఉంది. రెండూ కలిసి తిరిగితే ఒకే జోడీ మళ్లీ రావడానికి 42 రోజులు పడుతుంది. ఆదివారమూ సప్తమీ కలిస్తే భానుసప్తమి అని ప్రత్యేకంగా చూసే మనకు ఈ లెక్క తేలిగ్గానే ఎక్కుతుంది. ఆ 42 రోజుల చక్రంలో ఆదివారం పడే పూర్వీకుల దినం అక్వాసిదే, బుధవారం పడేది అవుకుదే. కాబట్టి ఒక అక్వాసిదే తేదీ తెలిస్తే చాలు, ఆరు వారాలు కలుపుకుంటూ పోతే ఏడాది మొత్తం తేదీలు మీ దగ్గర ఉన్నట్లే. ఏడాదిలో చివరిదైన తొమ్మిదోదాన్ని 'అదె కెసె', అంటే పెద్ద పూర్వీకుల దినం, అంటారు.

ఆ రోజు మాన్హియా రాజభవనం ఆవరణలో అశాంతి రాజు, 1999లో పీఠమెక్కిన ఒతుమ్‌ఫువో ఒసెయి తుతు 2, కొలువు తీరుతారు. పెద్ద పెద్ద గొడుగులు తాళానికి తగ్గట్టు పైకీ కిందికీ ఊగుతుంటాయి, ఫొంతొమ్‌ఫ్రొమ్ అనే నిలువెత్తు డప్పుల మోత కడుపులో తెలుస్తుంది. బంగారు పిడుల కత్తులు పట్టినవాళ్లు, ఏనుగు దంతపు కొమ్ములు ఊదేవాళ్లు, వరుసగా కూర్చున్న సామంత పెద్దలు కనిపిస్తారు. రాజుకు నమస్కరించడానికి వచ్చే పెద్ద ఎవరైనా భుజం మీది వస్త్రాన్ని కిందికి జార్చి, చెప్పులు వదిలి ముందుకు వస్తారు. రాజుతో ఎవరూ నేరుగా మాట్లాడరు. బంగారు తొడుగు కర్ర పట్టుకున్న ఒక్యామే అనే ప్రతినిధికి చెబితే ఆయన రాజుకు విన్నవిస్తారు. అశాంతి జాతి ప్రాణమంతా ఒక బంగారు పీటలో ఉందని నమ్మకం, ఆ పీట మీద రాజు సైతం కూర్చోరు. దాన్ని తెచ్చి ఇమ్మని బ్రిటిషు గవర్నరు అడగడంతోనే 1900లో ఎజిసు రాజమాత యా అసంతెవా నాయకత్వంలో యుద్ధం జరిగింది. అంతకుముందు 1896లో బ్రిటిషువాళ్లు పట్టుకుపోయిన రాజు ప్రెంపె 1924లో సీషెల్స్ ప్రవాసం నుంచి తిరిగివచ్చారు. ఆయన కోసం కట్టిన భవనమే ఇప్పుడు ఆ ఆవరణలోని మ్యూజియం. 1874 దండయాత్రలో దోచుకుపోయిన బంగారు వస్తువుల్లో కొన్ని 2024లో లండన్ మ్యూజియాల నుంచి ఆ గదుల్లోకి వచ్చాయి, అదీ అప్పు మీద. వాటి ముందు నిలబడి కళ్లు తుడుచుకుంటున్న ఒక ముసలావిడను చూశాను, ఆ గదిలో నాకూ మాట రాలేదు.

మిగిలినవాటిలో మే మొదటి శనివారం విన్నెబాలో జరిగే అబొవాచెర్ మీరు వచ్చిన వారంలోనే పడవచ్చు. రెండు పాత యోధ దళాలు, ఒకటి తెలుపు నీలం, మరొకటి ఎరుపు పసుపు వస్త్రాలతో, తెల్లవారకముందే అడవికి వెళ్లి ఆయుధం లేకుండా చేతులతోనే జింకను ప్రాణంతో పట్టి తేవాలి. ముందు తెచ్చినవాళ్లది గెలుపు. ఆ జింకను తర్వాత బలి ఇస్తారు, పిల్లలతో వెళ్లేవాళ్లు ముందే తెలుసుకొని వెళ్లడం మంచిది. జులై మొదటి మంగళవారం ఎల్మినాలో బకాతుయె, ఉప్పుకయ్యలో ఆ ఏటి మొదటి వల వేసే పండుగ. నవంబరు మొదటి శనివారం అన్లొగాలో ఎవె జాతివాళ్ల హొగ్బెత్సొత్సొ. ఇప్పటి టోగోలో ఉన్న నొత్సె కోటలో అగొకొలి అనే క్రూరుడైన రాజు పాలన నుంచి తప్పించుకున్న కథ అది. ఆడవాళ్లు రోజూ ఒకే చోట వాడిన నీళ్లు పోసి మట్టిగోడను మెత్తబరిచారట, గోడ పగిలిన రాత్రి అడుగుజాడలు లోపలికి వచ్చినట్లు కనిపించాలని అందరూ వెనక్కి నడుస్తూ బయటపడ్డారట. ఆ పండుగకు ముందు రోజుల్లో ఊరి తగాదాలన్నీ పెద్దల ఎదుట తీర్చుకోవడం ఒక నియమం.

ఉత్తరాదిన దగ్బొన్ రాజ్యంలో దంబా వేరే లోకంలా ఉంటుంది. ప్రవక్త పుట్టిన నెలలో వచ్చే ఈ పండుగలో ఇస్లాం ఎంతో రాచరికమూ అంతే. దక్షిణాది రాజులు పీట మీద కూర్చుంటే ఇక్కడి రాజులు జంతు చర్మం మీద కూర్చుంటారు. యెండి పట్టణంలో పెద్దలు వరుసగా కూర్చొని పండుగ అన్నానికి బియ్యంలో రాళ్లు ఏరడం ఒక పూజలా సాగుతుంది, మన ఇళ్లలో పెళ్లికి ముందు బియ్యం ఏరుతూ కూర్చునే ఆడవాళ్లు నాకు గుర్తుకువచ్చారు. ఫుగు అనే మందపాటి చారల చొక్కాలు గొడుగుల్లా విచ్చుకునేలా తిరుగుతూ నాట్యం చేస్తారు. లున్సి అనే వంశపారంపర్య వాద్యగాళ్లు చంక కింద ఇరికించిన డప్పుతో రాజుల వంశావళిని మాటలతోనూ డప్పుతోనూ పలికిస్తారు. 2002లో రాజు హత్యతో చీలిపోయిన ఈ రాజ్యానికి 2019లో కొత్త రాజు వచ్చాక దంబాకు పాత కళ తిరిగి వచ్చింది.

ఈ పండుగలన్నిటిలో చివరి ఘట్టం రాజులూ పెద్దలూ జనమూ ఒకచోట కూడే సభ. దాన్ని ఘానాలో ఏమంటారో తెలిస్తే మీకు సంతోషం కలుగుతుంది: దర్బార్. బ్రిటిషువాళ్ల నోట మన దేశం నుంచి ఇక్కడికి వచ్చిన మాట అది, ఇప్పుడు ఇక్కడి ప్రతి పల్లెలోనూ సొంత మాటే. ఆ దర్బారులో ఊరికి గత ఏడాది ఏం జరిగింది, వచ్చే ఏడాది బడి గది కట్టాలా, బావి తవ్వాలా అని లెక్కలు చెబుతారు, చందాల జాబితా మైకులో చదువుతారు. అక్రాలోనో లండన్‌లోనో స్థిరపడినవాళ్లను ఊరు ఈ ఒక్క రోజున పట్టుకుంటుంది. అందువల్ల మీ కింద పనిచేసేవాళ్లు తమ ఊరి పండుగకు రెండు రోజులు సెలవు అడిగితే కాదనకండి. ప్రభుత్వ జాబితాలో లేదు కదా అని తిరస్కరించిన మేనేజర్లు చాలా నష్టపోవడం నేను చూశాను.

పాటించవలసినవి కొన్ని ఉన్నాయి. ఏది ఇచ్చినా పుచ్చుకున్నా కుడిచేత్తోనే, ఇది మనకు కొత్త కాదు. పెద్దల ఎదుట కాలు మీద కాలు వేసుకోకూడదు. వరుసలో ఉన్నవాళ్లకు కరచాలనం చేయాలంటే కుడివైపు నుంచి మొదలుపెట్టాలి. రాజు దర్శనానికి వెళితే ఒక సీసా ష్నాప్స్ మద్యం తీసుకువెళ్లడం ఆచారం. మీరు తాగకపోయినా ఫరవాలేదు, అది పూర్వీకులకు నేలమీద పోసేందుకు. ఎరుపు, నలుపు కలిసిన బట్టలు ఇక్కడ అంత్యక్రియలవి. శనివారం వీధిలో ఆ రంగులు కనిపిస్తే అది చావు ఇల్లు అని గ్రహించాలి, పండుగకు ఆ రంగుల పట్టుచీర కట్టుకొని వెళ్లకూడదు. పండుగ వస్త్రం కెంటె. చేమగ్గం మీద సన్నని పట్టీలుగా నేసి కలిపి కుట్టే ఈ నేత 2024 డిసెంబరులో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది. శాకాహారులకు బొబ్బర్లను పామాయిలులో ఉడికించి పండిన కూర అరటి వేపుడుతో ఇచ్చే రెడ్‌రెడ్ బాగుంటుంది, అందులో చేప వేశారేమో మాత్రం ముందే అడగండి.

డిసెంబరు చివరి వారానికి వచ్చేసరికి పలకరింపే మారిపోతుంది. ఎదురుపడినవాళ్లు 'అఫెహ్యా పా' అంటారు, ఏడాది శుభంగా కలిసింది అని భావం. 'అఫె ఎన్కొ మ్మెతొ యెన్' అని బదులు చెప్పాలి. ఏడాది వెళ్లి మళ్లీ వచ్చి మనల్ని ఇలాగే కలుసుకోవాలి అని. 31 రాత్రి చర్చిలన్నీ నిండి ఉంటాయి, అర్ధరాత్రి దాటాకే కేరింతలు. తకొరాడిలో క్రిస్మస్‌కు ముసుగు వేషగాళ్ల బృందాలు బాకా వాద్యాలతో వీధుల్లో తిరుగుతాయి, పిల్లలకు చూపించవలసినది అది. ఒకప్పుడు పల్లెల్లో వరి అన్నం క్రిస్మస్‌కు మాత్రమే వండేవారని పెద్దవాళ్లు చెబుతుంటే, జొన్నన్నం రోజుల్లో పండుగకే వరి చూసిన మా నాయనమ్మ మాటలు విన్నట్లే ఉండేది.

ఇక బాబు పుట్టినరోజు. జూన్ మొదటి వారంలో ఇంట్లో దీపం వెలిగించి, పాయసం చేసి, మైకు లేకుండా ఆశీర్వచనం చేయించుకోండి. అక్రాలో నిషేధం ఎత్తివేసే రోజున ఒడాడా అనే డప్పును మొదటిసారి మోగిస్తారు, ఏ రోజో వార్తల్లో వస్తుంది. దాని తర్వాతి వారాంతంలో వేడుక పెట్టుకొని ఇరుగుపొరుగును పిలవండి. మీ ఇల్లు ఏ గా పట్టణం పరిధిలోకి వస్తుందో ఇంటి యజమానిని ముందే అడిగితే, ఆ ఊరి నిశ్శబ్ద దినాలు వేరైనా చిక్కు రాదు. బాబు ఏ వారం పుట్టాడో కూడా చూసుకొని రండి. అకాన్ కుటుంబాల్లో పుట్టిన వారమే మొదటి పేరు, ఆదివారమైతే క్వాసి, శుక్రవారమైతే కొఫి, శనివారమైతే క్వామే. వేడుకకు వచ్చిన ప్రతి ఒక్కరూ బాబును ఎత్తుకుంటూ అడిగే మొదటి ప్రశ్న అదే, జవాబు చెప్పిన క్షణం నుంచి వీధిలో అందరూ ఆ పేరుతోనే పిలుస్తారు.